అంచు మీది పేరు

రెజిమెంటల్ బజార్‌లో మిలటరీ మెడల్స్ కుట్టే బ్రహ్మచారికి ముగ్గురు పిల్లలు, అయిదుగురు మనవలు. పేరుకీ మనిషికీ పొత్తు కుదరలేదని చుట్టుపక్కల కొట్లవాళ్ళు నలభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, ఆయన ఒక్కసారైనా నవ్వకుండా దారానికి మైనం రాసుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన చూపు మందగించింది. కుట్టేది పెద్దకోడలు భవాని. ఆయన కొట్టు ముందు కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు, పని బాగుందని వాళ్ళు మెచ్చుకుంటే గంభీరంగా తల ఊపుతాడు. ఆ మెచ్చుకోలు తెర వెనక కూచున్న భవానికి వినిపిస్తుంది. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

పని చిన్నదే గాని పట్టింపులు పెద్దవి. ఏ మెడల్ పక్కన ఏది రావాలో ఒక వరస ఉంది, అది తప్పితే పెట్టుకున్న ఆఫీసరు నలుగురిలో నవ్వులపాలవుతాడు. అట్టకి నల్లగుడ్డ చుట్టి, దాని మీద రిబ్బన్లు ఒకదాన్నొకటి ఒరుసుకునేట్టు పరిచి, మెడల్స్ కదలకుండా వెనకనించి కుట్టాలి. కుట్టు పైకి కనిపించకూడదు. మధ్యాహ్నం బజారు కునుకు తీసే వేళ ఆ రిబ్బన్లు చేతిలోకి తీసుకుంటే భవాని మనసు ఎక్కడెక్కడికో పోతుంది. ఒకటి మంచుకొండల్లో కాపలా కాసినవాళ్ళకిచ్చేది, ఒకటి యుద్ధంలో ఉన్నవాళ్ళకిచ్చేది. యాదగిరిగుట్ట దాటి మరో ఊరు ఎరగని భవాని ఆ జానెడు పట్టుగుడ్డ మీద వేలు ఆనించి, నెలల తరబడి తెల్లగా తప్ప మరేమీ కనపడని చోట మనుషులు ఏం తలుచుకుంటారో అనుకుంటూ ఉండిపోతుంది. "ఏందీ, నిద్రనా?" అని మామ కేకేస్తాడు. నిద్ర కాదు. అదేమిటో ఆమెకీ తెలీదు.

ఆ బుధవారం కూడా అలాగే ఉండగా కొట్టు ముందు ఒక ఆటో ఆగింది. నలభై అయిదేళ్ళ ఆవిడ బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకుని దిగింది. పేరు అక్సా అనీ, కాప్రాలో ఉంటాననీ, స్కూల్లో టీచరుననీ చెప్పుకుంది.

"మా నాన్నగారి మెడల్సండీ. మేజర్ జీవరాజు. పోయి రెండేళ్ళవుతోంది. శనివారం ఫంక్షనుంది, మిలటరీలో చేసిన ఆడవాళ్ళ గౌరవార్థం రిటైర్డ్ ఆఫీసర్లు చేస్తున్నారు. ఆఫీసర్ల భార్యల్ని కూడా పిలిచారు. అమ్మని నాన్న మెడల్స్ పెట్టుకుని రమ్మన్నారు. ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి, ఒకే అట్ట మీద బారుగా కుట్టివ్వాలి."

"శుక్రవారం సాయంత్రానికి అయితది," అన్నాడు బ్రహ్మచారి. "గాని అమ్మా, ఒక్కటి యాదుంచుకోండ్రి. భర్తవైతే కుడిదిక్కు పెట్టుకోవాలె. ఎడమదిక్కు సొంతంగ నౌకరి చేసినోళ్ళకే. చానామంది ఈడనే పరేషాన్ అయితరు."

అక్సా కుడి, కుడి అని రెండుసార్లు అనుకుని వెళ్ళిపోయింది. ఆడవాళ్ళ గౌరవానికి మళ్ళీ మగాళ్ళ మెడల్స్ ఎందుకో భవానికి అర్థం కాలేదు. పైకి అంటే మామ ఏదో ఒకటి అంటాడని ఊరుకుంది.

గురువారం పొద్దున డబ్బా విప్పి మెడల్స్ బల్ల మీద పరిచింది. మొత్తం పది. ఏడు ఒక వరసలోకి వచ్చాయి. మిగిలిన మూడూ ఆ ఏడింటిలోని మూడింటికి జోడీలు. డెబ్భై ఒకటి యుద్ధానివి రెండు, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంలో ఇచ్చినది ఒకటి, అన్నీ రెండేసి ఉన్నాయి. ఇది ఆమె ఎరగని సంగతేం కాదు. ఆఫీసర్లు అసలు మెడల్స్‌ని పదిలంగా దాచి, అచ్చం అలాంటివే నకళ్ళు చేయించుకుని పరేడ్లకి పెట్టుకుంటారు. తోమగా తోమగా నకళ్ళు అరిగిపోతాయి, అసలువి మసకబారి ఉన్నా అక్షరం చెదరకుండా ఉంటాయి. ఇక్కడా అంతే. మూడు మెడల్స్ నున్నగా అరిగి మెరుస్తున్నాయి. వాటి జోడీలు మాత్రం యాభై ఏళ్ళుగా చెయ్యి తగలనట్టు నల్లబడి ఉన్నాయి. భవాని అరిగినవి పక్కన పెట్టి, నల్లబడ్డవి తీసుకుని మెత్తటి గుడ్డతో నిదానంగా తుడిచింది. తుడిచినకొద్దీ లోపలినించి తెల్లటి వెలుతురు వచ్చింది. ఇంత అందమైనదాన్ని ఇన్నాళ్ళు ఎట్లా ఊరికే పెట్టుకున్నాడో ఆ పెద్దాయన అనుకుంది.

రోజంతా కుట్టింది. నాలుగింటికి పూర్తయింది. ఆఖరున చేసే పని ఒకటుంది. ఒకరి బారు ఒకరికి పోకుండా ఒక చీటీ మీద పేరు రాసి కట్టాలి. ఆ పేరు మెడల్ అంచు మీద చెక్కి ఉంటుంది, బియ్యపుగింజలో సగం ఉండే అక్షరాల్లో. భవాని భూతద్దం పెట్టి చదివింది. నెంబరు తర్వాత లెఫ్టినెంట్ అని ఉంది. దాని తర్వాత పి. డోరా, ఎం.ఎన్.ఎస్. అని ఉంది.

ఇంకోటి చూసింది. డోరా. మూడోదీ డోరాయే. పక్కన పడేసిన అరిగిన మెడల్‌ని వెలుతురుకి తిప్పి పట్టుకుంటే, దాని అంచున మసక మసకగా లెఫ్టినెంట్ జీవరాజు కనిపించాడు. నకళ్ళనుకున్నవి ఆయన అసలు మెడల్స్. పెట్టుకుని, తోమించుకుని, మళ్ళీ పెట్టుకుని అరగదీసుకున్నాడు. తను మెరుగుపెట్టి కుట్టినవి ఇంకెవరో పెట్టుకోకుండా ఉంచేసినవి.

"మామా, డోరా ఎవరు?"

బ్రహ్మచారి లోపలికి వచ్చి, భవాని అంచు మీది అక్షరాలు చదువుతుంటే విన్నాడు. బారుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చేత్తో తడిమాడు. "ఎం.ఎన్.ఎస్. అంటే మిలటరీ నర్సులు. గాళ్ళు సుత ఆఫీసర్లే, భుజం మీద చుక్కలుంటయ్. ఆ టీచరమ్మ తల్లి గావచ్చు." వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "తొమ్మిదేండ్ల నౌకరికి ఒక మెడల్ ఇస్తరు. ఈమెకు లేదు. నిండకముందే ఇంటికి పంపినట్టున్నరు."

"ఎందుకు పంపిన్రు?"

"పెండ్లయి ఉంటది. అప్పట్ల రూలుండె. నర్సమ్మ పెండ్లి చేసుకుంటే నౌకరి ఖతం. తర్వాత తీసేసిన్రు ఆ రూలు."

"మరి ఆయనకు?"

"ఆయన మగోడు గదా," అన్నాడు బ్రహ్మచారి, అందులో చెప్పడానికి ఏముందన్నట్టు. "విప్పి, ఆయనవి ఆయనకు కుట్టు. ఆమెవి పొట్లం కట్టి ఇచ్చెయ్. అడగంది మనకెందుకు?"

భవాని అక్సాకి ఫోన్ చేసింది. "అమ్మ మిలటరీలోనా? కాదండీ, అమ్మ పెళ్ళికి ముందు ఏదో హాస్పిటల్లో నర్సు," అంది అక్సా. భవాని మెడల్ మీది పేరు చదివి వినిపించింది. "అది అమ్మ పేరే. మీరే ఒకసారి ఇంటికి వచ్చి అమ్మనే అడుగుతారా? నేను అడిగితే మాట మార్చేస్తుంది," అంది అక్సా.

శుక్రవారం మధ్యాహ్నం భవాని బారుని చేతిసంచిలో పెట్టుకుని కాప్రా బస్సెక్కింది. చెరువు వెనక వీధిలో చిన్న డాబా ఇల్లు. డోరా వరండాలో చాట ముందు పెట్టుకుని ములగాకు దూస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళు, సన్నటి మనిషి, నడుం వంగలేదు. రెమ్మ కొసన పట్టుకుని ఒక్క లాగు లాగితే ఆకంతా చాటలో రాలుతోంది, ఒక్క ఈనె కూడా పడటం లేదు. చెరువు మీదనించి వచ్చే గాలికి ఆకులు చాటలో అటూ ఇటూ కదులుతున్నాయి. అక్సా ఇంకా స్కూలునించి రాలేదు.

"అమ్మా, తప్పు జేసిన," అంది భవాని. ఎలా మొదలుపెట్టాలో బస్సులో ఎన్నో అనుకుంది గాని నోటికి అదే వచ్చింది. "సారు బారుకు మీ మెడల్స్ కుట్టిన."

డోరా చేతులు ఆగాయి. మళ్ళీ ఆడాయి. "చూసినవాళ్ళు గుర్తుపడతారా?"

"ముంగట నుంచి చూస్తే పట్టరు. రెండు ఒక్కతీరుగనే ఉంటయ్."

"అయితే అలాగే ఉంచెయ్యమ్మా. విప్పకు."

తిడుతుందనుకునే వచ్చింది భవాని. "అట్లెట్లమ్మా? మీ పేరున్నది వాటి మీద."

"ఉంటే ఏమైంది? చదివేవాళ్ళెవరు?"

భవాని సంచిలోంచి బారూ భూతద్దమూ తీసి ఇచ్చింది. డోరా చీర కొంగుకి చేతులు తుడుచుకుని, ఎండ పడేవైపు జరిగి, అంచుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. వీధిలో ఉల్లిగడ్డల బండి వచ్చి, అరిచి, వెళ్ళిపోయింది.

"పాలపర్తి డోరా," అంది మెల్లిగా. "ఈ పిల్లని చూసి ఎన్నాళ్ళయిందో."

తర్వాత ఆమె ఎవరితో చెప్తోందో తెలియకుండా చెప్పింది. కళ్ళు చెరువు మీద ఉన్నాయి. "పొద్దున్నే యుద్ధంనించి రైలొచ్చేదమ్మా. ఇంకా సరిగ్గా తెల్లారేది కాదు, మంచు. స్ట్రెచర్లు దించుతుంటే ప్లాట్‌ఫారమంతా తడిగా ఉండేది. మొదటిరోజు అది మంచు తడనే అనుకున్నా. ఇరవై మూడేళ్ళు నాకు. ఒక పంజాబీ కుర్రాడు నా చెయ్యి వదల్లేదు. వాళ్ళ ఊళ్ళో ఆవచేను పూస్తుందట, పసుపు తప్ప ఇంకేం కనపడదట. నన్ను రమ్మన్నాడు. చెల్లెలు పెళ్ళికి రండి సిస్టర్ అన్నాడు. సరే వస్తానన్నా. ఆ మాట విన్నాడో లేదో." ఆకు మీద చెయ్యి ఆడించింది. "ఆ ఊరు ఎలా ఉంటుందో నేను చూడలేదు. కానీ వెళ్ళొచ్చినట్టే ఉంటుంది నాకు."

భవాని చాట దగ్గరికి జరిగింది. తను రిబ్బన్ల వెంట పోయే చోట్లకి ఈ మనిషి నిజంగా వెళ్ళి వచ్చింది. "మరి అక్సమ్మకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నర్సునని చెప్పా. ఆపైన చెప్పడానికేముంది? ఒకటే పెళ్ళి మాది. పాస్టరుగారు ఇద్దరికీ కలిపే ప్రార్థన చేశారు. ఆయనకి మెస్సులో పార్టీ ఇచ్చారు, నాకు ఉత్తరం ఇచ్చారు. ఇక నీ సేవలు అక్కర్లేదని. తొమ్మిదేళ్ళు నిండటానికి నాలుగు నెలలుంది. అప్పటికి నేనూ కెప్టెన్నే, ఆయనా కెప్టెనే." నవ్వింది. "మంచివాడేనమ్మా ఆయన. చాలా బాధపడ్డాడు. బాధపడి డ్యూటీకి వెళ్ళాడు. నేను బాధపడి వంటింట్లోకి వెళ్ళా."

"మెడల్స్ ఎన్నడూ పెట్టుకోలేదా?"

"నన్ను తీసేశారమ్మా. తీసేసినదాన్ని, ఏ మొహంతో పెట్టుకుని నలుగురిలోకి వెళ్ళను? అందుకే అంటున్నా. ఆయన బారులోనే ఉండనీ. కుడివైపో ఎడమవైపో, అలాగైనా ఒక్కసారి బయటికెళ్ళొస్తాయి."

ఆ మాటకి భవానికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నౌకరిల నుంచి తీసిన్రు గని, పేరు తీయలేదు గదమ్మా," అంది. "నేను తెరెనక కూసుని కుడుత. మెచ్చుకునేది మామను. నా కుట్టు మీద నా పేరు యాడా ఉండదు, ఉండాలని సుత నేను అడగలే. మీదట్ల కాదు. సర్కారే మీ పేరు చెక్కి పంపింది. గా పేరును తీస్కపొయ్యి ఇంకొకరి కింద దాసుడంటే నా చెయ్యి ఒప్పుతలేదు. కోపం జెయ్యకుండ్రి."

డోరా కోపం చేసుకోలేదు. బారుని ఒళ్ళో పెట్టుకుని రిబ్బన్ల మీద బొటనవేలితో రాస్తూ కూచుంది. కాసేపటికి బారుని భవాని చేతికిచ్చి, "నీ ఇష్టం వచ్చినట్టు కుట్టుకురా. పెట్టుకుంటానని మాత్రం నేను చెప్పలేదు," అంది. వెళ్ళేటప్పుడు ఒక కవరు నిండా ములగాకు పోసిచ్చింది.

కొట్టుకి వచ్చేసరికి బ్రహ్మచారి తెర వెనక భవాని స్టూలు మీద కూచుని ఉన్నాడు. ముందు చిన్న అట్టముక్క, సరిగ్గా మూడు మెడల్స్‌కి సరిపోయేంత, నల్లగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ ఒక మూల కాస్త వంకర పోయింది.

"అడగంది మనకెందుకంటివి గద మామా?"

"ఊకె కూసోబుద్ధి కాలే," అన్నాడాయన లేస్తూ. "నా కండ్లకు కనిపిస్తలేదు. ఆ మూల జెర సక్కగ జెయ్యి."

శనివారం ఎండెక్కకముందే కుట్లు ముడేసి, ఎనిమిదింటికల్లా రెండు బారులూ కాప్రా చేర్చింది భవాని. లోపలి గదిలో డోరా తెల్ల చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. అక్సా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లీకూతుళ్ళు రాత్రి మాట్లాడుకున్నారని చూస్తేనే తెలుస్తోంది. భవాని మంచం మీద గుడ్డ పరిచి బారులు రెండూ పెట్టింది. ఒకటి పొడుగ్గా ఏడు మెడల్స్‌తో, ఒకటి పొట్టిగా మూడింటితో.

డోరా ముందు పొడుగుదాన్నే తాకింది. చొక్కా కాలరు సరిచేసినట్టు ఒక రిబ్బన్ని సరిచేసింది. అది సరిగ్గానే ఉంది. తర్వాత పొట్టిదాన్ని తీసి భవాని చేతిలో పెట్టింది.

"ఎడమవైపే కదా?"

"సొంతానివి ఎడమదిక్కేనమ్మా."

పిన్ను గుచ్చుతుంటే తెల్లటి జాకెట్టు కింద ఆ ముసలి గుండె గబగబా కొట్టుకోవడం భవాని వేళ్ళకి తెలిసింది. అక్సా రెండో బారు తీసుకుంది. "నాన్నవి కుడివైపు పెట్టనా అమ్మా? రెండూ పెట్టుకోవచ్చట."

"వద్దు. ఆయన ఎన్ని ఫంక్షన్లకి వెళ్ళొచ్చాడో, నేను ఎన్నిసార్లు ఇంట్లో ఉన్నానో నాకు తెలుసు. ఇవాళ ఒక్కపూట ఆయన్ని ఇంట్లో ఉండనీ," అంది డోరా. అని తనే నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "భవానీ, నువ్వూ రా. ఇది ఊడిపోతే గుచ్చడం మా ఇద్దరికీ రాదు."

కంటోన్మెంటులో హాలు. పంకాలు తిరుగుతున్నాయి, గోడల పొడుగునా ఫొటోలు పెట్టారు. విమానాల పక్కన అమ్మాయిలు, పరేడ్లో అమ్మాయిలు, అన్నీ కొత్త ఫొటోలు. యూనిఫారంలో వచ్చిన పాతికేళ్ళ పిల్లలు ముందు వరసల్లో కూచుని ఉన్నారు. భవానికి అంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టుంది. ఎవరి రొమ్మున ఏ బారు ఉందో, ఎవరు కుట్టారో చూసుకుంటూ కూచుంది. అందులో రెండు తనవే. చేతికిచ్చిన కార్యక్రమం కాగితంలో డోరా పేరు లేదు, 'కీ.శే. మేజర్ జీవరాజు సతీమణి' అని ఉంది.

ఉపన్యాసాలయ్యాయి. శాలువాలు మొదలయ్యాయి. "మేజర్ జీవరాజు గారి సతీమణి," అని మైకు పిలిచింది. చప్పట్లు కొట్టారు. డోరా కదల్లేదు. మళ్ళీ పిలిచారు.

"అమ్మా, నిన్నే," అంది అక్సా.

"నన్ను కాదు," అంది డోరా. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

చప్పట్లు పలచబడి ఆగిపోయాయి. తలలు వెనక్కి తిరిగాయి. వేదిక మీదనించి తెల్లమీసాల కల్నల్ ఒకాయన దిగి వచ్చాడు, పెద్దావిడకి వినపడలేదేమోనన్నట్టు వంగాడు. ఆయన మాటలో అమర్యాద ఏమీ లేదు. "అమ్మా, లేవగలరా? ఒక్క చిన్న సవరణ. మేజర్ గారి మెడల్స్ పొరపాటున ఎడమవైపు పెట్టుకున్నారు."

"ఇవి మేజర్ గారివి కాదండి. నావి," అంది డోరా.

కల్నల్ ఆ మూడింటివంకా చూశాడు. ఆమె మొహంలోకి చూశాడు. నిటారుగా నిలబడి, "తమ పేరు?" అని అడిగాడు. అప్పటిదాకా లేని గొంతు అది.

"కెప్టెన్ పాలపర్తి డోరా. మిలటరీ నర్సింగ్ సర్వీస్."

ఆయన వేదిక మీదికి తిరిగి వెళ్ళి, చేతిలో ఉన్న కాగితం చూడకుండా, ఆ పేరు ఉన్నదున్నట్టు మైకులో చదివాడు. డోరా లేచింది. భవాని చెయ్యి సాయం చాచితే వద్దని, కుర్చీల మధ్యనించి తన అడుగులు తనే వేసుకుంటూ వెళ్ళింది. ముందు వరసలో యూనిఫారం అమ్మాయి ఒకతి ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడింది. ఆమె పక్కనున్న అమ్మాయి లేచింది. తర్వాత ఆ వరసంతా లేచింది.

శాలువా కప్పబోతే అది మెడల్స్ మీదికి పడుతుందని డోరా చేత్తోనే తీసుకుంది. రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు ముందు నిలబడింది. హాలంతా పంకాల చప్పుడే వినిపించింది.

"నాతోపాటు ఆ వార్డులో మార్త ఉండేది," అంది చివరికి. "కుసుమకుమారి ఉండేది. వాళ్ళూ ఆఫీసర్లే. వాళ్ళకీ పెళ్ళయింది." ఇంకేదో ఉందేమోనని అందరూ చూశారు. "అంతేనండి," అని డోరా దిగి వచ్చేసింది.

చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆ రెండు పేర్లూ మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది భవానికి. పెదాలు కదలకుండా, పక్కనున్న అక్సాకి కూడా వినపడకుండా, వాటినే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ కూచుంది.